కూలియు ధరయు



"మా చిన్ననాడు రూపాయికి శేర్లకొలది జొన్నలు వచ్చెడివి, నేడు రూపాయికి గుప్పెడు గింజలు రావు" అను మాట వినబడని రచ్చకట్ట మన తెలుగుదేశమున లేదు. ఆ మాట అబద్ధము కాదు. కాని అది సగము మాట. ఆ రూపాయిని సంపాదించుటకు మన తాతలు ఎన్ని దినములు ఎండలో వంగి పనిచేయవలసి వచ్చెనో చెప్పినగాని మాట పూర్తికాదు. అట్లే ఇంటిలోని పడుచువాడు "మీరు రూపాయి కూలికి పోతిరి, నేను వందలు తెచ్చుచున్నాను" అని మీసము దువ్వును. అదియు సగము మాటయే. ఆ వందలతో సాయంకాలము సంచిలోనికి ఏమి వచ్చెనో వాడు చెప్పవలెను. ఈ రెండు సగములను ఒకచోట చేర్చి చూచుటయే నేటి నా ప్రసంగము యొక్క ఉద్దేశము.

ఈ విచారణకు అచ్చంపేట సీమ తగిన చోటు. ఒక వంక నల్లమల అడవి, ఒక వంక దిండి వాగు, నడుమ ఎఱ్ఱ చలక నేలలు. వాన కురిసిన జొన్న, ఆముదము, పల్లికాయ, కురియనియెడల వలస. 2016వ సంవత్సరము వరకు ఈ సీమ మహబూబునగరము జిల్లాలో నుండి, అటుపిమ్మట నాగర్‌కర్నూలు జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినను పాలమూరు అను పాత పేరు జనుల నోట నిలిచియున్నది. పాలమూరు కూలి అను మాట దేశమంతట నెగడినది. ఆనకట్టలు, కాలువలు, రహదారులు, నగరముల మేడలు, ఎన్నింటికో ఈ సీమవారు మన్ను మోసిరి. కావున కూలికిని ధరకును గల సంబంధమును తెలిసికొన గోరువాడు ఇచ్చటి పెద్దల యనుభవమును విడిచి గ్రంథములను మాత్రమే చూచిన లాభము లేదు.

మొదట కొలమానమును గూర్చి రెండు మాటలు. పాత రూపాయి యనగానే ఏ రూపాయి యని యడుగవలెను. నిజాము రాజ్యమున చెలామణి యైనది హాలీ సిక్కా. అది ఆంగ్ల ప్రభుత్వపు రూపాయికంటె తక్కువ వెలగలది. 7 హాలీ రూపాయలు సుమారు 6 కలదారు రూపాయలకు సరి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశమున కలిసిన పిమ్మట హాలీ క్రమముగా తొలగి, 1959 నాటికి పూర్తిగా చెలామణి తప్పెను. 1957 ఏప్రిలు 1వ తేది నుండి రూపాయికి 16 అణాలు పోయి 100 నయాపైసలు వచ్చినవి. శేరు, మణుగు పోయి కిలో, క్వింటాలు వచ్చినవి. సోల, మానిక, కుంచము, తూము అను కొలతలు ఊరూరికి కొంత భేదముగా నుండెడివి. ఇన్ని మారిన తరువాత రూపాయిని రూపాయితో పోల్చుట, మన ఊరి తూముతో పొరుగూరి ధాన్యమును కొలిచినట్లు. మారని కొలత ఒక్కటే: ఒక దినపు కూలితో ఎంత తిండి, ఎంత బట్ట వచ్చును?

పూర్వకాలమున ఈ లెక్క సులభముగా నుండెడిది. ఏలయనగా కూలి గింజలలోనే యిచ్చెడివారు. కోతకు పోయినవారికి మోపు, కలుపుకు పోయినవారికి సోలలకొలది జొన్నలు, సంవత్సరపు జీతగానికి నెలనెల కొలిచి పోయు గింజలు, పండుగకు ఒక పంచె, కాళ్లకు చెప్పులు. అంగడిలో జొన్న ధర రెండింతలైనను ఆ కూలివాని మానికకు లోటు లేదు. ధర సగమైనను అదే మానిక. గింజల కూలి ధరల పెరుగుదలకు అడ్డుకట్ట. కాని దానిని పొగడి విడువరాదు. ఆ మానిక ఎంత చిన్నదో కొలుచువాడే నిర్ణయించెడివాడు. దానిపై వెట్టి యుండెను, భాగేలా యుండెను. వెట్టిపనికి కూలియే లేదు. కూలి లేనివానికి ధర పెరిగిన నేమి, తరిగిన నేమి? అప్పునకు జీతము క్రింద కట్టుబడిన భాగేలావాడు సంవత్సరములు గడచినను తన అప్పు ఎంత తీరెనో ఎఱుగడు. తెలంగాణమున వెట్టి వలదని, కూలి పెంచుమని 1940 దశాబ్దమున లేచిన పోరాటము ఈ కొలత ఎవరి చేతిలో నుండవలె నను ప్రశ్ననుండియే పుట్టినది.

మఱి రొక్కపు కూలికిని ధరకును ముడి ఎప్పుడు పడెను? దానికి ఒక భయంకరమైన సందర్భము గలదు. 1876-78 సంవత్సరములలో వచ్చిన కరువును మనవారు ధాత కరువని పిలిచిరి. అది ధాత నామ సంవత్సరమున మొదలైనది. కృష్ణకు ఆవలి కర్నూలు, బళ్లారి, కడప సీమలు, ఈవల హైదరాబాదు రాజ్యపు దక్షిణ భాగములు దానికి గురియైనవి. చెన్నపట్టణపు ప్రభుత్వము కరువు పనులు తెరచెను. అప్పుడు సర్ రిచర్డు టెంపులను దొర 1877లో వచ్చి, వ్యయము తగ్గింపగోరి, పనిచేయు పురుషునికి దినమునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యము, దానితో ఒక అణా చాలునని నిర్ణయించెను. మన్ను త్రవ్వువాని కడుపునకు అది చాలదని చెన్నపట్టణపు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిషు గట్టిగ వాదించెను. ధాన్యము పౌనున్నర యుండవలెనని, పప్పు కూడ నుండవలెనని ఆయన పట్టు. వాదము కొన్ని నెలలు జరిగి కూలి కొంత పెంచబడెను. ఈలోగా లక్షలకొలది జనులు మరణించిరి.

ఆ వాదమునుండి ఒక సూత్రము వెలువడెను. కరువు పనిలో కూలి రూపాయలలో నిలిపియుంచరాదు. కూలి ఇంత ధాన్యమునకు సరి యని నిర్ణయించి, ధాన్యపు ధర పెరిగినప్పుడు రొక్కమును పెంచవలెను. 1880 నాటి క్షామ విచారణ సంఘము పిమ్మట వచ్చిన కరువు నిబంధనలలో ఈ సూత్రము చేరెను. నేడు ఉద్యోగులకిచ్చు కరువు భత్యమును చూడుడు. ధరలు పెరిగినప్పుడు జీతముతో కలిపి యిచ్చు సొమ్మునకు మన భాషలో కరువు అను పేరే నిలిచినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ప్రభుత్వోద్యోగులకు అది లభించెను. కాని ఏ కరువు కూలివాని కడుపు మీద ఆ సూత్రము మొదట నిర్ణయమాయెనో, ఆ కూలివానికి మాత్రము మంచి కాలములో అట్టి భత్యము రాలేదు.

ఇక ధరలు తగ్గుట మంచిది కాదా యని మీరడుగవచ్చును. 1929లో అమెరికాలో మొదలైన ఆర్థికమాంద్యము ప్రపంచమంతట ప్రాకి, 1933 నాటికి మన దేశమున పంటల ధరలను దాదాపు సగమునకు దింపెను. గింజ చవుక యైనది. కాని శిస్తు రొక్కములో నుండెను, సాహుకారి పత్రము రొక్కములో నుండెను. పూర్వము ఒక బండి గింజలమ్మి తీర్చిన శిస్తునకు ఇప్పుడు రెండు బండ్లు తోలవలసివచ్చెను. రైతు చితికిపోవగా, అతడు పిలువని కూలికి పనియే లేదాయెను. చవుక కాలమున కూలి ధర నిలిచియున్నను కూలి దినములు తగ్గును. కావున కూలిని లెక్కించునప్పుడు దినపు ధర నొక్కటే గాక, సంవత్సరమున పని దొరకిన దినములను గూడ లెక్కింపవలెను. హైదరాబాదు రాజ్యమున ఎస్. కేశవ అయ్యంగారు 1929-30లో గ్రామముల ఆర్థికస్థితిని విచారించి, మరల 1949-51లో విచారించిరి. ఆ రెండు విచారణల నడుమ మాంద్యమును, మహాయుద్ధమును గడచినవి.

యుద్ధకాలమున గాలి తిరిగెను. 1939 ఆగస్టుతో పోల్చగా 1943 చివరకు మన దేశపు టోకు ధరలు రెండింతలు దాటినవి. మిగులు గింజ గల రైతునకు పాత అప్పులు తీరినవి. రొక్కపు కూలివాని గంజి పలుచనాయెను. దీని ఘోరరూపము 1943లో వంగదేశమున కనబడెను. ఆనాటి విచారణ సంఘము మృతుల సంఖ్యను 15 లక్షలని చెప్పెను. తరువాతి పండితులు 30 లక్షల వరకు చెప్పిరి. అమర్త్యసేనుగారు 1981లో ప్రకటించిన గ్రంథమున, ఆ కరువునకు ధాన్యపు కొరత యొక్కటే కారణము కాదనియు, ధర ఎగిరినంత వేగముగ కూలి యెగురకపోవుటచే కూలివారు, బెస్తలు, చేతిపనివారు ధాన్యము కొనజాలక మరణించిరనియు నిరూపించిరి. అంగడిలో బియ్యముండగా అంగడి ముందు మనుష్యుడు పడిపోయెను. కూలికిని ధరకును గల ఎడము పండితుల లెక్క మాత్రమే కాదని దీనివలన తెలిసికొనవలెను.

స్వాతంత్ర్యము వచ్చెను. 1948లో కనీస వేతనముల చట్టము వచ్చెను. వ్యవసాయ కూలిని గూడ అందు చేర్చి, నిర్ణయించిన వేతనమును అయిదేండ్లకు మించకుండ మరల పరిశీలింపవలెనని ఆ చట్టము చెప్పెను. 1950-51లో భారత ప్రభుత్వము మొదటిసారి వ్యవసాయ కూలీల స్థితిని దేశమంతట విచారించెను. పురుషుని సగటు దినపు కూలి 1 రూపాయి 9 పైసలు, స్త్రీకి 68 పైసలు అని తేలెను. 1956-57లో మరల విచారింపగా పురుషునికి 96 పైసలు, స్త్రీకి 59 పైసలు. కూలి కుటుంబపు సంవత్సరాదాయము మొదట 447 రూపాయలు, తరువాత 437. రెండు విచారణల పద్ధతులలో భేదముండుటచే ఈ అంకెలను గూర్చి పండితులు వాదించుకొనిరి. ఎట్లైనను కూలివాని సంచి బరువెక్కలేదని మాత్రము స్పష్టము. ఇందు ఇంకొక సంగతి గమనింపుడు. ఒకే మడిలో వంగిన స్త్రీకి పురుషుని కూలిలో నూటికి 62 పాళ్లే దక్కెను. సమాన వేతనపు చట్టము 1976లో గాని రాలేదు.

ఇదే కాలమున పాలమూరువారి వలస పెద్దదాయెను. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదిని శంకుస్థాపన జరిగెను. 1967లో కాలువలకు నీరు వదలిరి. యంత్రములు కొద్దిగా, మనుష్యులు మెండుగా ఆ కట్టను లేపిరి. శ్రీశైలపు కట్టకు 1963లో శంకుస్థాపన జరిగెను. అది అచ్చంపేటకు అడవి యవతలనే. అటువంటి పనులకు మనుష్యులను కూర్చినవాడు గుంపు మేస్త్రి. వాని పద్ధతిని మీ పెద్దలెఱుగుదురు. దసరా దరిని వాడు ఇంటికి వచ్చి ముందు సొమ్ము ఇచ్చును. పండుగ గడచును, పాత అప్పు తీరును, ఇంటిల్లిపాది సంచులు కట్టుకొని కదలుదురు. వానకాలము ముందు తిరిగి వత్తురు. చంటిపిల్లలు వెంట, ముసలివారు ఊర.

ఈ ముందు సొమ్ములో ధరల మాట ఎక్కడ నున్నది? విప్పి చెప్పెదను. ఒక కుటుంబము దసరాకు 1,000 రూపాయలు తీసికొని ఆరు నెలలు పనికి కట్టుబడె ననుకొందము. ఒడంబడిక కుదిరిన దినముననే కూలి నిలిచిపోయినది. కాని పని జరుగు చోట కొనవలసిన బియ్యము, నూనె, ఉప్పు, మందులు ఆరునెలల పాటు ధర మార్చుకొనుచునే యుండును. ఉగాదికి సరకు ధర నూటికి 20 పెరిగినయెడల, ఆ 1,000 రూపాయలు నిజమునకు 833 అయినవి. పెరిగిన ధర నంతయు కూలివాడే భరించెను. మేస్త్రియు, వానిపై గుత్తదారును ముందే నిర్ణయించిన రొక్కముననే నిలిచిరి. దీనిపై వడ్డీ వేరు. అందుచేతనే అప్పునకు కట్టుబడి చేయు చాకిరిని 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము నిషేధించినది. నిషేధము వ్రాతలో సులభము. ముందు సొమ్ము లేకుండ దసరా గడచుట కష్టము.

నూటికి 20 అంటిని. అది ఊహామాత్రము కాదు. చమురు దేశములు ధర పెంచిన ఆ సమయమున మన దేశపు టోకు ధరలు 1973-74లో నూటికి 20, 1974-75లో నూటికి 25 పెరిగినవి. రెండు సంవత్సరములలో 100 రూపాయల సరకు 150 అయ్యెను. అట్టి సమయమున ఉద్యోగికి భత్యము వచ్చెను, కార్మికసంఘము గలవానికి బేరమాడు బలముండెను. చలక నేలలో పల్లికాయ తెంపువానికి రెండునూ లేవు. అతని కూలి పెరుగుటకు ఎవరో ఒక పెద్దరైతు ముందడుగు వేయవలెను, లేదా కోతల తొందరలో మనుష్యులు దొరకకుండవలెను.

ధరలను దాటి కూలి పెరుగుటకు చరిత్రలో గల కారణములు కొన్నియే. మొదటిది, మనుష్యులు తక్కువగుట. ఆంగ్లదేశమున 1348లో మహామారి వచ్చి జనులు లక్షలకొలది చనిపోగా, మిగిలిన కూలివారు ఎక్కువ అడిగిరి. కూలి పెరుగరాదని 1351లో రాజు చట్టము చేసెను, అది నిలువలేదు. తరువాతి శతాబ్దమున ఆ దేశపు పనివాని కూలి కొను శక్తి ఉన్నతస్థితికి వచ్చెను. మరల జనులు పెరిగి, అమెరికా ఖండపు వెండి వచ్చి పడి, పదునారవ శతాబ్దమున ధరలు ఎగిరిపోగా, 1600 నాటికి ఆ కొను శక్తి సగమునకు దిగువ పడెను. ఆ నష్టము పూడుటకు ఆ దేశమున పందొమ్మిదవ శతాబ్దము రావలసివచ్చెను. ధరల వెనుక పడిన కూలి తనంతట తానే త్వరలో కోలుకొను నని నమ్మరాదు.

రెండవది, గింజ చవుక యగుట. 1960ల పిమ్మట క్రొత్త వంగడములు, కాలువ నీరు, ఎరువులు వచ్చి వరి, గోధుమల పంట పెరిగెను. మనవద్ద 1983లో నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము రెండు రూపాయలకు కిలో బియ్యము నిచ్చుట మొదలిడెను. అది కూలి పెంచిన పనికాదు; కాని కూలి సంచిని బరువెక్కించిన పని. 2025లో తెలంగాణ ప్రభుత్వము సన్నబియ్యమునే కార్డుదారులకు ఊరక నిచ్చుట ప్రారంభించెను. కూలి లెక్క వ్రాయునప్పుడు ఈ బియ్యపు విలువను గూడ కలుపవలెను. లేనియెడల లెక్క తప్పును.

మూడవది, కూలివానికి ఇంకొక పని దొరకుట. 2005లో గ్రామీణ ఉపాధి హామీ చట్టము వచ్చి, 2006 ఫిబ్రవరి 2వ తేదిని అనంతపురము జిల్లా బండ్లపల్లిలో పని ప్రారంభమాయెను. మొదట చేరిన 200 జిల్లాలలో మహబూబునగర మొకటి. ఊరిలో పని యున్నదని తెలిసినప్పుడు మేస్త్రి ముందు నిలిచిన మనుష్యుని గొంతు మారును. 2007-08 నుండి 2013-14 వరకు దేశపు గ్రామములలో కూలి ధరలను దాటి వేగముగ పెరిగెను. ఉపాధి హామీ, నగరములలో కట్టడపు పనులు, పంటల ధరలు, ఇవి యన్నియు కలిసి ఆ పని చేసినవి. ఆ తరువాత పలు సంవత్సరములు ఆ వేగము మందగించి, కూలి ధరల వెంట ఈడ్చుకొని నడచెను.

2011 జనవరి నుండి ఉపాధి కూలిని వ్యవసాయ కూలీల ధరల సూచికకు ముడిపెట్టిరి. ధాత కరువు నాటి సూత్రము మరల వచ్చినది. ఇప్పుడు మన లెక్క వేసికొందము. 2014-15లో మన రాష్ట్రపు ఉపాధి కూలి 169 రూపాయలు, 2024-25లో 300. సూచిక మొదటి సంవత్సరమున సుమారు 800, రెండవదానియందు సుమారు 1,300. ధరలతో సమముగా నడచుటకు 169 రూపాయలు 275 కావలెను. కావున పదేండ్లలో నిజముగ పెరిగినది పాతిక రూపాయలు. ఇదియు నిర్ణయించిన కూలి మాట; కొలతను బట్టి చేతికి వచ్చునది పలుమారు దీనికంటె తక్కువ.

దూరము చూచినయెడల చిత్రము కొంత నయముగ నున్నది. 1960-61లో 100 రూపాయలకు వచ్చిన కూలివాని సరకు 2024 నవంబరులో సుమారు 7,770 రూపాయలు. అనగా ఆనాటి రూపాయి కూలికి 2024 చివర 78 రూపాయలు సరి. 300 రూపాయల కూలి దానిని మూడు రెట్లకు మించి దాటినది. అక్బరు చక్రవర్తి నాటి లెక్కలు ఐనీ అక్బరీలో గలవు: సామాన్య కూలికి దినమునకు 2 దాములు, గోధుమల మణుగు 12 దాములు, ఆ మణుగు నేటి 25 కిలోలు. దినపు కూలికి 4 కిలోలు దాటి గోధుమలు. 2024-25లో గోధుమల మద్దతు ధర క్వింటాలునకు 2,275 రూపాయలు. 300 రూపాయల కూలికి ఆ ధరను 13 కిలోలు. వెనుకటి దినములే మంచివని వగచువారు ఈ అంకెను మరువరాదు. అయితే ఈ వృద్ధి అరువదేండ్లకు పైగా పరచి చూచిన ఏటికి నూటికి రెండు పాళ్లు. నడుమ కరువులు, చమురు సంక్షోభములు మింగిన సంవత్సరముల బాధను సగటు అంకె చూపదు.

ఇక జొన్నతో కొలిచి చూడుడు. 2014-15లో జొన్నల మద్దతు ధర క్వింటాలునకు 1,530. 169 రూపాయల కూలికి 11 కిలోలు. 2024-25లో 3,371, 300 రూపాయల కూలికి 9 కిలోలకు కొంచెము తక్కువ. వరితో కొలిచిన మొదట 1,360 చొప్పున 12 కిలోలు దాటును, తరువాత 2,300 చొప్పున 13 కిలోలు. అవే కూలి రూపాయలు వరి కొలతలో కొంచెము పెరిగినవి, జొన్న కొలతలో తగ్గినవి. పూర్వము పేదల తిండి యైన జొన్న నేడు మధుమేహము గలవారు వెదకి కొను గింజ యైనది. కావున మారని కొలత అని నేను మొదట చెప్పిన మానిక సైతము ఒక్క గింజతో నింపిన మోసపుచ్చును. పలు సరకులు కలిపిన గంప కావలెను. ధరల సూచిక అట్టి గంపయే.

కాని గంపలో ఏమి పెట్టిరి? 1986-87 ఆధారముగ చేసిన సూచికలో 1983 నాటి ఖర్చుల పట్టిక గలదు. అందు తిండికే నూటికి 69 పాళ్లు. ఆ గంప 2025 నడుమ వరకు వాడుకలో నుండెను. తరువాత గాని 2019 ఆధారముగ క్రొత్త గంప రాలేదు. 1983లో కూలివాని యింట చరవాణి లేదు. బిడ్డకు పట్టణపు బడి రుసుము లేదు. మోకాలి నొప్పికి పట్టణపు ఆసుపత్రి పరీక్షలు లేవు. బియ్యము చవుకగ దొరకిన యింటిలో సైతము ఒక జబ్బు, ఒక పెండ్లి, ఒక చదువు పదేండ్ల కూలి వృద్ధిని ఒక్క యేటిలో మింగుచున్నవి. పాత గంపతో కొలిచి నీ కూలి పెరిగినదని చెప్పిన, కూలివాడు తల యూపును గాని నమ్మడు. అతని అపనమ్మకమున న్యాయము గలదు.

రైతు పక్షమును గూడ చెప్పవలెను. మీలో అనేకులు కూలి యిచ్చువారు. కూలి పెరిగిన వ్యవసాయము కూలిపోవునని మీ బాధ. 2014-15లో పల్లికాయ మద్దతు ధర 4,000, 2024-25లో 6,783. నూటికి 70 పెరుగుదల. వరికి నూటికి 69. ఉపాధి కూలికి నూటికి 78. రైతు ధర, కూలివాని ధర ఒకే మోకునకు కట్టిన రెండు బొక్కెనల వలె దాదాపు కలిసియే నడచినవి. మద్దతు ధర కాగితమున నుండి అంగడిలో రానప్పుడు రైతు కూలిని తగ్గించి నష్టము పూడ్చుకొనజూచును. అది బరువును తనకంటె బక్కవాని నెత్తికి మార్చుటయే. ఆ పోరాటము అంగడితోను, ప్రభుత్వముతోను చేయదగినది, కూలితో కాదు.

కావున పెద్దలారా, మీకొక చిన్న పని విన్నవించుచున్నాను. మీ గ్రామపంచాయతిలో ఒక పుస్తకముంచుడు. ప్రతి ఉగాదికి, ప్రతి దసరాకు ఒక పుట వ్రాయుడు. ఆనాడు పురుషుని కూలి ఎంత, స్త్రీ కూలి ఎంత, గడచిన ఆరునెలలలో పని దొరకిన దినములెన్ని, బియ్యము, జొన్న, కందిపప్పు, నూనెల ధరలెంత, ఒక బిడ్డ చదువునకు, ఒక జ్వరపు వైద్యమునకు ఎంత పడినది. కొలత కిలోలలో వ్రాయుడు. ఎవరు చెప్పిరో వ్రాయుడు. కూలి యిచ్చువారును తీసికొనువారును ఇరువురును చదివి ఒప్పుకొనవలెను. మేస్త్రి ముందు సొమ్ముతో వచ్చినప్పుడు ఆ పుస్తకమును తెరచి, దసరా కూలి ఉగాదికి ఎంత కావలెనో లెక్కగట్టి ఒడంబడికలో వ్రాయించుడు. ధర పెరిగిన కూలి పెరుగవలెనను ఒక్క పంక్తి చాలును.

ప్రభుత్వపు సూచిక దేశమునకంతటికి సగటు. అచ్చంపేట సంచి బరువు అచ్చంపేటలోనే తెలియవలెను. 1877లో ఆ పౌను ధాన్యమును నిర్ణయించినవారు దానిని తినవలసినవానిని అడుగలేదు. ఇకముందు నిర్ణయించువారి ముందు ఉంచుటకు మీ లెక్క మీ చేతిలో నుండవలెను.